ఏ రెండున్నర?

ఆఁ, సెలూనాయన తాళం దగ్గర కదూ మొన్న ఆపాం? ఉండండి, తాళం దాకా రావాలంటే ముందు పెట్టె సంగతి తెలియాలి. పెట్టె సంగతి తెలియాలంటే ఆ కోడలి సంగతి తెలియాలి. అన్నీ వరసలో వస్తాయి, కంగారు పడకండి.

ఆ కోడలిని ఆఫీసులో అందరూ పైసలక్కయ్య అంటారు. ఆఫీసంటే పెద్ద భవనం ఊహించుకునేరు! కింద పంక్చర్ల షాపు, పైన ఒక గది, గదిలో నాలుగు కుర్చీలు, అందులో ఒకదానికి చెయ్యి లేదు. కింద టైరులో గాలి కొట్టినప్పుడల్లా పైన బల్లలు వణుకుతాయి. అక్కడ కూర్చుని దుకాణాలకు బిల్లులు వేసే ప్రోగ్రాములు రాస్తారు. అందులో డబ్బు సంగతంతా మన కోడలిది. జీతం సంగతి కాదు లెండి, అది అందరిలాగే అరకొర. జనం డబ్బును నానా రకాలుగా రాస్తారు, నానా రకాలుగా పలుకుతారు. ఒకరు కామా పెడతారు, ఒకరు చుక్క పెడతారు, ఇంకొకరు రెండూ పెట్టి పక్కన ఒక గీత కూడా గీస్తారు. వాటన్నిటి ముడులూ విప్పి, ఇది ఇంత సుమా అని కంప్యూటరుకి నచ్చజెప్పి, మళ్ళీ బిల్లు మీదికి పంపేటప్పుడు శుభ్రంగా తల దువ్వి పంపాలి. పొద్దున్నే పిల్లల్ని బడికి తయారు చేసినట్టే.

ఆవిడ మామగారిది ఇనపసామాన్ల కొట్టు. మేకులు, గొళ్ళేలు, మడతబందులు, తాళాలు, గొలుసులు, నీళ్ళ మోటార్లు. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. ఏ డబ్బాలో ఏముందో పెద్దాయన చేతులకు తెలుసు. కళ్ళకి తెలియడం మానేసింది. చూపు మసకబారిందని ఆయన ఎవరికీ చెప్పలేదు. కాలిక్యులేటరు పాడైందని మాత్రం చెప్పాడు, వరసగా మూడు కాలిక్యులేటర్లు మార్చాడు.

ఆఖరికి ఒకనాడు వందనోటిచ్చిన మనిషికి అయిదొందలకి చిల్లర ఇచ్చేశాడు. ఆ మనిషి మంచివాడు కాబట్టి తిరిగొచ్చి చెప్పాడు. కానీ పెద్దాయనకి చెప్పకుండా ఆయన కొడుక్కి చెప్పాడు. కొడుకుది కరెంటాఫీసులో ఉద్యోగం. ఎవరి కనెక్షనైనా సరే, పీకడానికి పెద్దగా ఆలోచించడు.

"నాన్నా, ఇంక చాలు. కొట్టు అద్దెకిచ్చేద్దాం. ఫోన్లకి తొడుగులమ్మే అతను ఎప్పట్నించో అడుగుతున్నాడు."

"చూద్దాంలేరా."

"చూడటానికేగా ఇబ్బంది!"

ఆ మాట అన్నాక అతనికే బాధేసింది, కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ పూట మాత్రం పెద్దాయన కొట్టు తాళంచెవిని ఇంట్లో గోడ మేకుకి తగిలించలేదు. బనీను లోపల వేసుకుని పడుకున్నాడు. అది కోడలు చూసింది.

"ఏమండీ, ఒక్క నెల ఆగండి," అంది భర్తతో. "మాట్లాడే పెట్టె చేసి కొట్లో పెడతాను. మామయ్య సరుకు పేరూ ధరా నోటితో చెప్తారు. పెట్టె లెక్క కట్టి పైకి చెప్తుంది, బిల్లిస్తుంది. ఎవరైనా ఫోనులోంచి డబ్బు పంపితే ఎంత చేరిందో కూడా చెప్తుంది."

"పెట్టెకి కళ్ళుంటాయా?"

"చెవులుంటాయి. చాలు."

"నెల తరవాత ఒక్క తప్పు దొర్లినా తొడుగులాయనకి మాటిచ్చేస్తాను. అప్పుడు ఏడవకూడదు మరి."

"సరే," అంది కోడలు. కొట్టు పోతే పెద్దాయన వరండాలో కుర్చీ అయిపోతాడని ఆవిడకి తెలుసు.

ముందు గొంతు కావాలి. ఆఫీసు ప్రోగ్రాముల్లో ఉన్న గొంతు అంకెల్ని తీర్పు చదివినట్టు చదువుతుంది. అందుకని అత్తగారిని దుప్పట్ల అలమర ముందు కూర్చోబెట్టి, చేతికి మైకిచ్చి, ఒకటి నించి తొంభై తొమ్మిది దాకా, ఆ పైన వందలు, వేలు, లక్షలు చదవమంది. ఆవిడ చదివింది, కాకపోతే ఇంటి పనుల మధ్యలో చదివింది. "ముప్పై తొమ్మిది... నలభై... ఏమే, పాలున్నాయా?... నలభై ఒకటి..." కోడలు అన్నీ ముక్కలు కోసుకుంది కానీ నలభై ఒకటి దగ్గర కత్తెర సరిగ్గా పడలేదు.

పెట్టె కొట్లోకి వచ్చింది. మొదటి బిల్లు నూట అయిదు. పెట్టె గొంతు సవరించుకుని, "ఒక వంద అయిదు రూపాయలు," అంది.

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు, లెక్కకి కాదు, గొంతుకి. "ఇంట్లో ఉన్నది చాలదని కొట్లోకి కూడా తెచ్చావా తల్లీ!" అని తేరుకుని, "వందా, అయిదా? తేల్చి చెప్పమను," అన్నాడు.

సాయంత్రం అత్తగారికి కబురు తెలిసింది. "నేనెప్పుడన్నానే అలాగ? నూట అయిదు అంటాను. నా గొంతుతో ఈ పిచ్చి భాషేమిటి? వీధిలో పరువు పోదూ!"

నిజమే మరి. వంద ఒంటరిగా ఉంటే వంద, వెనక ఎవరైనా వస్తే నూట. రెండు వందలు ఒంటరిగా ఉంటే రెండు వందలు, వెనక ఒకటి తగిలితే రెండు వందల ఒకటి, 'లు' ఊడిపోతుంది. మనం ఊపిరి పీల్చినంత తేలిగ్గా అనేస్తాం కానీ ఒక యంత్రానికి నేర్పమంటే తెలుస్తుంది. పైసలక్కయ్య నేర్పింది.

ఇంకోనాడు ఒకాయన రెండు చిన్న సామాన్లు కొన్నాడు. ఒకటి రూపాయి పది పైసలు, ఒకటి రెండు రూపాయల ఇరవై పైసలు. మనం వేళ్ళ మీద చెప్పేస్తాం, మూడూ ముప్పై. పెట్టె మొదలుపెట్టింది. "మూడు పాయింటు మూడు సున్నా సున్నా సున్నా సున్నా..." ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. "సున్నా సున్నా సున్నా..." వెనక నించున్న ఇద్దరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "సున్నా సున్నా..." ఆఖరికి ఎక్కడో "మూడు" అని ఆగింది.

"మీ అత్తయ్య ఇంత ఓపిగ్గా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు," అన్నాడు పెద్దాయన.

సంగతేమిటంటే, మనం పదిని మూడుతో భాగిస్తే మూడు మూడు మూడు అంటూ ఎప్పటికీ తెగదు చూడండి, కంప్యూటరు లెక్కలో పదో వంతు కూడా అలాగే తెగదట. చివర్లో ఎక్కడో ఒక రవ్వ మిగిలిపోతుంది. ఆ రవ్వని కూడా మన పెట్టె నిజాయితీగా చదివింది. అక్కయ్య నుదురు కొట్టుకుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పే పాఠం అది. డబ్బుని చుక్కలతో దాచకు, పైసలు చేసి దాచు. నూట పది పైసలు, రెండు వందల ఇరవై పైసలు, కలిపితే మూడు వందల ముప్పై పైసలు. రవ్వ లేదు, గొడవ లేదు. చదివేటప్పుడు మళ్ళీ రూపాయలు చేస్తే సరి. పొరుగువాళ్ళకి చెప్పే జాగ్రత్త ఇంట్లో పాటించకపోతే ఇంతే.

ఆ మీదట కామా తగులుకుంది. మడతబందులు చేసే విదేశీ కంపెనీవాళ్ళు ధరల ఫైలు పంపారు. వాళ్ళ దేశంలో పైసలకు ముందు చుక్క పెట్టరు, కామా పెడతారు. పన్నెండున్నరని 12,50 అని రాశారు. కామా అంటే అలంకారమే కదా అని ప్రోగ్రాము దాన్ని తీసి పారేసింది. పెట్టె వడ్రంగితో, "మడతబందు, పన్నెండు వందల యాభై రూపాయలు," అంది.

"ఈ ధరకి తలుపు కూడా ఇస్తారా పెద్దాయనా?" అన్నాడు వడ్రంగి.

అదీ సర్దింది అక్కయ్య. ఆఖరి కామా తరవాత రెండే అంకెలుంటే అవి పైసలు, మూడుంటే అలంకారం. ఇలా నెలలో సగం పైగా కరిగిపోయింది. ఇంతవరకూ దొర్లినవి నేర్చుకునేటప్పటి తప్పులని భర్త కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఇదిగో, తాళం ఇప్పుడొచ్చింది.

పెద్దాయనకి ఒక అలవాటు. ఆయనకేమిటి, ఆ వీధి వీధంతటికీ ఉంది, మనకి మాత్రం లేదూ? ధర పూర్తిగా పలకడు. బోల్టు రెండున్నర. తాళం రెండున్నర. నీళ్ళ మోటారు రెండున్నర. మొదటిది రూపాయలు, రెండోది వందలు, మూడోది వేలు. అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు, ఊరికే పక్కన నించున్నవాడికి కూడా తెలుసు. పెట్టెకి తెలియదు.

ఎదురు సెలూనాయన వచ్చి తాళమడిగాడు. పెద్దాయన ఒకటి తీసి, "తాళం, రెండున్నర," అన్నాడు. అదే సమయానికి వీధిలో లారీ ఒకటి వెనక్కి నడుస్తూ కుయ్యో మంటోంది. పెట్టె ఏదో అంది. సెలూనాయన చెవులు చురుకు. ఒక్క క్షణం ఆగాడు, ఫోను తీశాడు, డబ్బు కొట్టాడు. పెట్టె మళ్ళీ ఏదో అంది. "వెళ్ళొస్తా పెద్దాయనా, మంచి తాళం," అని రోడ్డు దాటేశాడు. ఎప్పుడూ అంత తొందరగా రోడ్డు దాటే మనిషి కాడు.

సాయంత్రం భర్త లెక్క చూశాడు. "తాళం, రెండు రూపాయల యాభై పైసలు. ఇదేమిటి?"

కోడలు కూడా వంగి చూసింది.

"పెట్టె మంచిదే, ధర్మసత్రానికి పనికొస్తుంది," అన్నాడు భర్త. "ఆదివారం నాకు సెలవు. పొద్దున్నించి సాయంత్రం దాకా కొట్లోనే కూర్చుంటాను. ఒక్క తప్పు దొర్లితే అంతే. తొడుగులాయన్ని కూడా సాయంత్రం రమ్మంటాను."

పెద్దాయన బనీను మీద చెయ్యేసి తాళంచెవి ఉందో లేదో చూసుకున్నాడు.

అక్కయ్య ఆ రెండురోజులూ మనిషి మనిషిలో లేదు. బస్సులో టిక్కెట్టుకి డబ్బివ్వడం మర్చిపోయి కండక్టరు చేత మాట పడింది. ఏ రెండున్నరో ఎలా తెలుస్తుంది? చివరికి తేలిందేమిటంటే, పెట్టె దగ్గర సరుకుల అసలు ధరలున్నాయి కదా. రెండున్నర అనగానే రూపాయలు, వందలు, వేలు అన్నీ వేసుకుని, అసలు ధరకి ఏది దగ్గరగా ఉంటే అది తీసుకోవాలి. బేరంలో నాలుగు తగ్గించినా ఫరవాలేదు, వందలు రూపాయలైపోవు. మరి ఆ సరుకు ఫైలులోనే లేకపోతే? అప్పుడు ఊహించకూడదు. అడగాలి.

"అత్తయ్యా, ఇంకొక్క మాట చదవాలి మీరు. 'ఏ?' అనాలి. ఏ రెండున్నర అని అడిగినట్టు."

"దానికి చదవడమెందుకే, పెళ్ళయినప్పట్నించీ అంటున్నదేగా!" అని అత్తగారు ఒక్కసారే అంది. ఆ 'ఏ' లో సంసారం మొత్తం పలికింది.

ఆదివారం వచ్చింది. భర్త స్టూలేసుకుని తలుపు పక్కనే కూర్చున్నాడు. కోడలు గొలుసుల చాటున నించుంది, గోళ్ళు కొరుక్కోవడానికి వీలుగా.

మొదటి బేరాలు వెన్నలా జారిపోయాయి. బోల్టు రూపాయలన్నమాట, మోటారు వేలన్నమాట, పెట్టె దేన్నీ పొరబడలేదు. ఒక బిల్లు మూడు వందల నలభై ఒకటి వచ్చింది. "మూడు వందల పాలున్నాయా నలభై ఒకటి రూపాయలు," అంది పెట్టె.

"ఉన్నాయమ్మా, పొద్దున్నే తెచ్చాను," అన్నాడు కొనడానికొచ్చిన మనిషి, అలవాటుగా.

భర్త స్టూలు మీంచి లేచాడు. "ఇది తప్పా కాదా?"

"లెక్క సరిగ్గానే ఉంది కదరా," అన్నాడు పెద్దాయన.

"అది ఇవాళే తీసేస్తాను మామయ్యా," అంది కోడలు సిగ్గుపడుతూ.

"ఉండనీ తల్లీ. ఏమంత అడ్డం?"

కాసేపటికి సెలూనాయన వచ్చాడు, మొహం కడిగిన గిన్నెలా మెరిసిపోతూ. "మొన్నటి తాళం ఇంకొకటివ్వండి పెద్దాయనా. మా బావమరిది కూడా కావాలన్నాడు."

పెద్దాయన తాళం తీశాడు. "తాళం, రెండున్నర."

"రెండు వందల యాభై రూపాయలు," అంది పెట్టె.

సెలూనాయన ఫోను తియ్యబోయినవాడు ఆగాడు. "అదేంటి! మొన్న రెండున్నర అన్నారుగా?"

"ఇవాళా రెండున్నరే అంటున్నాను. మాట మార్చానా?"

"మరి పెట్టె..."

"మొన్న దానికి తెలుగు సరిగ్గా రాదు. ఇప్పుడు నేర్చుకుంది."

"నా దగ్గర బిల్లుంది పెద్దాయనా, రెండు రూపాయల యాభై పైసలని రాసుంది."

"ఉండనీ. నీ కొట్లో క్రాఫుకెంత?"

"ఒకటిన్నర," అన్నాడు సెలూనాయన, ఆలోచించకుండా.

"సరే అయితే. రేపొచ్చి క్రాఫు చేయించుకుని రూపాయిన్నర నీ చేతిలో పెట్టి పోతాను. మా అబ్బాయిని కూడా తీసుకొస్తాను. వాడి జుట్టూ పెరిగింది."

సెలూనాయన తల గోక్కున్నాడు. తరవాత రెండు తాళాల డబ్బూ ఫోనులోంచి పంపేశాడు, మొన్నిచ్చిన రెండున్నర మాత్రం మినహాయించుకుని. అది రూపాయల రెండున్నరే లెండి. భర్త మీసాల చాటున నవ్వాడు. కోడలు చూసింది. ఇంక గట్టెక్కినట్టే అనుకుంది.

ఎక్కడ! మధ్యాహ్నం ఒక ముసలావిడ పాత పెట్టెకి కొక్కెం అడిగింది. అటక మీద ఎప్పటిదో ఇత్తడి కొక్కెం ఒకటుంది, ఫైలులో లేదు. పెద్దాయన తడిమి తీసి, "కొక్కెం, ఒకటిన్నర," అన్నాడు.

"ఏ ఒకటిన్నర?" అంది పెట్టె.

పెద్దాయన మొహం ఎర్రబడింది. జన్మలో ఆయన చెప్పిన ధరని ఎవరూ అలా నిలదీయలేదు, నిలదీసే ఒక్క మనిషి ఇంటి దగ్గరుంది.

"నన్నే అడుగుతుందా?"

"చెప్పండి మామయ్యా," అంది కోడలు. "తెలియక అడుగుతోంది, అంతే."

పెద్దాయన చాలాసేపు కొక్కేన్ని వేళ్ళతో తిప్పాడు. చివరికి మొండికేసిన పిల్లాడు అన్నానికొచ్చినట్టు, "వందలు," అన్నాడు.

"నూట యాభై రూపాయలు," అంది పెట్టె.

భర్త మాత్రం చిటికెనవేలు ముడిచాడు. "ఒకటి."

"ఒకటేమిటండీ? ఎక్కడ తప్పింది?"

"అడిగింది కదా. తెలిస్తే ఎందుకడుగుతుంది? అడగడమంటే తెలియకపోవడమే, తెలియకపోతే తప్పినట్టే."

"తప్పు చెప్పడం తప్పు గానీ అడగడం తప్పెలా అవుతుంది?"

"నువ్వు రాశావు కాబట్టి నువ్వలాగే అంటావు."

కోడలికి ఏడుపొచ్చింది. ఏడవకూడదని మాటిచ్చింది కాబట్టి గొలుసుల వైపు తిరిగి నించుంది. పెద్దాయన బనీనులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ చప్పుడు చిన్నదే గానీ అందరికీ వినపడింది.

సాయంత్రం తొడుగులాయన వచ్చాడు. బొమ్మల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, రెంటికీ మెరిసే తొడుగులు. కొట్టంతా ఒకసారి కలయజూసి, ఈ గోడకి అద్దాలు పెట్టిస్తాను, ఆ మూల లైట్లు పెట్టిస్తాను అని చేతులూపాడు. పెద్దాయన తన డబ్బాల వైపు తిరిగి కూర్చున్నాడు.

"అద్దె ఫోన్లో అనుకున్నదే కదా సార్?"

"అద్దె అదే. అడ్వాన్సు కూడా అప్పుడే అనుకున్నాం," అన్నాడు భర్త. ఆ అడ్వాన్సుతో నాన్నకి కళ్ళు చూపించి, మిగిలినదాంతో స్కూటరు మార్చాలని అతను మనసులో ఎప్పుడో లెక్క వేసేసుకున్నాడు. పెట్టె పక్కనే బల్లకి ఆనుకుని, తేల్చేసే గొంతుతో అన్నాడు. "అడ్వాన్సు, రెండున్నర."

"ఏ రెండున్నర?" అంది పెట్టె.

"లక్షలు," అన్నాడు భర్త.

"వేలు," అన్నాడు తొడుగులాయన.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఒకరినొకరు చూసుకున్నారు. రెండు జవాబులు వినేసరికి పెట్టె గందరగోళపడి మళ్ళీ అడిగింది, ఇంకొంచెం విసుగ్గా వినపడినట్టనిపించింది. "ఏ రెండున్నర?"

"చెప్పండిరా," అన్నాడు పెద్దాయన, తల తిప్పకుండానే. "ఆవిడ అడిగిందంటే చెప్పేదాకా వదలదు."

"రెండున్నర లక్షలా!" తొడుగులాయన గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అంతుంటే నేను తొడుగులెందుకమ్ముతాను సార్, ఫోన్లే అమ్ముతాను!"

"రెండున్నర వేలు అడ్వాన్సా? రెండున్నర వేలకి కొట్టు తాళం కూడా చూపించరు!"

"మీరు రెండున్నర అన్నారు, నేను సరే అన్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను!"

"రేపు కాగితాల మీద సంతకాలయ్యాక తెలిసుంటే ఏమయ్యేది సార్?" అన్నాడు తొడుగులాయన, నిజంగానే చెమటలు పట్టి. వెనక గొలుసులు గలగలలాడాయి. కోడలు నవ్వాపుకోలేక వాటిని పట్టుకుని ఊగిపోతోంది.

తొడుగులాయన వెళ్ళాక భర్త కాసేపు పెట్టెకేసి చూశాడు. ఇంకా ముడిచే ఉన్న చిటికెనవేలికేసి చూసుకున్నాడు. మెల్లిగా దాన్ని విప్పేశాడు.

"అడగడం తప్పు కాదులే," అన్నాడు.

"ఏమన్నారు? లారీ చప్పుడికి వినపళ్ళేదు," అంది కోడలు. వీధిలో లారీ లేదు.

"అడగడం తప్పు కాదన్నాను! కొట్టు ఇవ్వడం లేదు. నాన్నా, వింటున్నావా? ఇవ్వడం లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం ఈ వారం రావాలి, చూద్దాంలే అంటే కుదరదు."

పెద్దాయన బల్ల మీద చెయ్యి పరిచి వెతుక్కుని తాళంచెవి అందుకున్నాడు. బనీనులో వేసుకోలేదు. కొట్టు గోడకీ ఒక మేకుంది, దానికి తగిలించాడు, తడుముకోకుండా. "ఎంతవుతుందిరా డాక్టరుకి?"

"అయిదు," అన్నాడు కొడుకు. అని, పెట్టెకేసి చూసి, గబగబా, "వందలు, వందలు," అన్నాడు.

అదీ తాళం కథ. ఇప్పుడిదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా వరండా తలుపు గొళ్ళెం పొద్దున ఊడి చేతికొచ్చింది. దారిలో పెద్దాయన కనబడితే కొత్తదెంతని అడిగాను. కొత్త కళ్ళజోడు సవరించుకుని "ఒకటిన్నర" అనేసి వెళ్ళిపోయాడు. పెట్టె కొట్లో ఉంది గానీ దారిలో లేదు కదా! అందుకని కోడలికి ఫోన్ చేస్తాను. వాళ్ళాఫీసులో అన్నం డబ్బా విప్పే వేళయింది, కింద గాలి కొట్టే మిషను కూడా ఈ పూట ఆపుతారు, మాట స్పష్టంగా వినపడుతుంది. ఎత్తగానే వేరే కబుర్లేం లేకుండా ఒక్కటే అడుగుతాను, అమ్మాయ్, ఏ ఒకటిన్నర?